చెనక్కాయకు చెంచా లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి ఆరోగ్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నాడు. మన బడిలో చదివి డాక్టర్లయిన వాళ్లు ఇంతమంది ఉండగా ఇంజనీరుతో ఏం పని అన్నాను. "డాక్టర్లు ఏం తినకూడదో చెప్తారు. నువ్వు ఎంత తినొచ్చో లెక్క చెప్పు" అన్నాడు. అందుకని ఈ రోజు నేను చెప్పేది వైద్యం కాదు, లెక్క. షుగర్, బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడుతున్న వాళ్లు మీ డాక్టరును అడగకుండా నా మాట విని తిండి మార్చవద్దు. ముందే చెప్పేస్తున్నాను.

మన బ్యాచీల వాట్సాప్ గ్రూపులు చూస్తే మీకూ తెలుస్తుంది. పదేళ్ల కిందట పిల్లల సీట్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మోకాళ్ల గురించి, హెచ్‌బీఏ1సీ గురించి మాట్లాడుకుంటున్నాం. "ఆరు కిలోలు తగ్గమన్నాడు", "పది కిలోలు తగ్గమన్నాడు" అని ఒకరి తర్వాత ఒకరు పెడుతున్నారు. ఆ వెంటనే మొదలయ్యేది నిషేధాల జాబితా. నెయ్యి మానేశాను, కొబ్బరి మానేశాను, చెనక్కాయలు మానేశాను. ఈ జాబితాలో మూడోది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే మనది చెనక్కాయ సీమ. పక్క జిల్లాల వాళ్లు వేరుశనగ అన్నా, తెలంగాణ మిత్రులు పల్లీలు అన్నా, మనకు అది చెనక్కాయే, కొందరికి బుడ్డలు. ఆ పంట అమ్మిన డబ్బుతోనే మనలో చాలామందికి ఫీజులు కట్టారు. వాన పడని ఏడు కట్టలేకపోయారు. సంగటిలోకి ఊరిబిండి, ఇడ్లీలోకి చట్నీ, పండక్కి చెనక్కాయ ఉండలు, వంకాయ కూరలోకి పొడి. ఇవన్నీ తీసేస్తే మన వంటింట్లో మిగిలేది ఎంత? తీసేసిన వాళ్లు బరువు తగ్గారా అంటే, మొదటి నెల తగ్గారు, మూడో నెలకు మళ్లీ మొదటికొచ్చారు. కాబట్టి ఈ రోజు నేను ఒక్క ప్రశ్న తీసుకున్నాను. చెనక్కాయ లాంటి బరువైన తిండి తింటూ బరువు తగ్గడం సాధ్యమేనా? సాధ్యమే. కానీ దానికి ఒక షరతు ఉంది. అది చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు.

మొదట శక్తి లెక్క చూద్దాం. మన సైన్సు ల్యాబులో మాస్టారు ఒక ప్రయోగం చేయించేవారు. గుండుసూదికి ఒక చెనగ్గింజ గుచ్చి, అంటించి, నీళ్లు పోసిన పరీక్షనాళిక కింద పట్టుకోమనేవారు. గింజ దీపంలా మండేది. కాసేపటికి నీళ్లు సలసలమనేవి. ఇప్పుడు అంకెలు వేద్దాం. ఒక గింజ బరువు సుమారు 0.4 గ్రాములు. అందులో శక్తి 2.3 కిలోకాలరీలు. 20 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి కావలసింది 1.4 కిలోకాలరీలు. మంటలో కొంత వేడి గాలిలోకి పోయినా, ఒక్క గింజ పరీక్షనాళికలోని నీటిని మరిగే దగ్గరికి తెస్తుంది. గింజ చిన్నది, లోపల ఉన్నది చిన్నది కాదు.

100 గ్రాముల చెనగ్గింజల్లో సుమారు 567 కిలోకాలరీలు ఉంటాయి. కరెంటు బిల్లు భాషలో చెప్తాను. ఒక యూనిట్ అంటే 860 కిలోకాలరీలు. అంటే 150 గ్రాముల చెనగ్గింజల్లో దాదాపు ఒక యూనిట్ కరెంటంత శక్తి ఉంది. మరి మనకు రోజుకు ఎంత కావాలి? పెద్దగా ఒళ్లు వంచని మనలాంటి వాడికి 2000 కిలోకాలరీలు అనుకుందాం. దాన్ని 24 గంటలకు పంచితే 97 వాట్లు. మనిషి అంటే రాత్రీ పగలూ వెలిగే పాతకాలపు 100 వాట్ల బల్బు అన్నమాట. రోజుకు రెండుంబావు యూనిట్లు చాలు. బస్తాల కొద్దీ తినాల్సిన యంత్రం కాదిది.

ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కొవ్వు నుంచి. పిండిపదార్థం గ్రాముకు 4 కిలోకాలరీలు, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. చెనగ్గింజలో సగానికి సగం, అంటే 100 గ్రాములకు 49 గ్రాములు కొవ్వు. అందుకే గానుగ ఆడితే అంత నూనె వస్తుంది. ఇంకో పక్క నీటి సంగతి చూడండి. దోసకాయలో నూటికి 95 పాళ్లు నీరే. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీరు. చెనగ్గింజలో నీరు దాదాపు లేదు.

ఇప్పుడు ఒక పోలిక. 100 కిలోకాలరీలు కావాలంటే కీరదోస ముక్కలు అరకిలో పైగా తినాలి. పెరుగు అయితే ఒక పెద్ద కప్పు, 160 గ్రాములు. వండిన అన్నం 77 గ్రాములు, అంటే ఒక చిన్న గరిటెడు. చెనగ్గింజలు 18 గ్రాములు, లెక్కపెడితే 40 పైచిలుకు గింజలు. నూనె 11 గ్రాములు, అంటే పెద్ద చెంచాడు కూడా కాదు. అరకిలో కీరదోస ఎవరూ పొరపాటున తినరు. కడుపే చాలంటుంది. నలభై గింజలు మాత్రం టీవీలో ఒక ఓవరు అయ్యేలోపు చేతిలో నుంచి నోట్లోకి వెళ్లిపోతాయి. ఎవరికీ తిన్నట్టే ఉండదు. అదే 100 కిలోకాలరీలు నడిచి ఖర్చు పెట్టాలంటే 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో 25 నిమిషాలు నడవాలి.

అయితే మానేయడమే మంచిది కదా అని మీకు అనిపిస్తుంది. మానేయకూడదనడానికి నా దగ్గర మూడు కారణాలున్నాయి.

ఒకటి, ఆకలి. కొవ్వు, మాంసకృత్తులు, పీచు మూడూ ఉన్న తిండి కడుపులో నిదానంగా కదులుతుంది. మరమరాలు, బిస్కెట్లు తిన్న గంటకే మళ్లీ డబ్బా మూత తీస్తాం. గుప్పెడు గింజలు తింటే భోజనం దాకా ఆగగలం. చెనగ్గింజలు రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచవు. ఇంకో విశేషం కూడా ఉంది. గింజను నమిలి తిన్నప్పుడు నలగని ముక్కల్లో కొంత కొవ్వు ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. నూనెగా తిన్నప్పుడు ఆ మినహాయింపు లేదు.

రెండు, కొవ్వు రకం. ఇందులోని కొవ్వులో ఎక్కువ భాగం గది వేడిలో గడ్డకట్టని అసంతృప్త కొవ్వు. వనస్పతితో, బేకరీ సరుకుతో పోలిస్తే గుండెకు ఇది నయం.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. నిషేధం నిలబడదు. మన బ్యాచీ మిత్రుడొకడు మండలం రోజులు నూనె, చెనక్కాయ, బెల్లం ముట్టనని పట్టుపట్టాడు. నలభై రోజులు ముట్టలేదు కూడా. నలభై ఒకటో రోజు రాత్రి పదకొండు గంటలకు వంటింట్లో లైటు వెలిగింది. పొద్దున్నే వాళ్లావిడ ఉండల డబ్బా చూసి, ఎలుక పడిందేమో అనుకుందట. మనం నవ్వుకుంటాం గానీ, వాడికి మాత్రం అది ఓటమిలా తోచి మొత్తం ప్రయత్నమే వదిలేశాడు. పోయినవి నాలుగు ఉండలు కాదు, నలభై రోజుల పట్టుదల. రోజూ ఒక చిన్న ఉండకు చోటు పెట్టి ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు.

కాబట్టి నిషేధం వద్దు, పద్దు కావాలి. ఇదే నేను చెప్పిన షరతు. చెనక్కాయను సరైన పద్దులో రాయాలి, చిన్న కొలతతో కొలవాలి, దానికి చోటివ్వడానికి ఇంకోటి తీయాలి.

సరైన పద్దు అంటే ఏమిటి? చాలామంది చెనక్కాయను ప్రోటీన్ పద్దులో రాస్తున్నారు. జిమ్ముకెళ్లే మన పిల్లలు పీనట్ బటర్ సీసా తెచ్చి "ప్రోటీన్ నాన్నా" అంటున్నారు. 100 గ్రాములకు 25 గ్రాముల మాంసకృత్తులున్న మాట నిజమే. కానీ లెక్క ఇలా చూడండి. 20 గ్రాముల మాంసకృత్తులు చెనగ్గింజల నుంచే తెచ్చుకోవాలంటే 80 గ్రాములు తినాలి. 450 కిలోకాలరీలు పడతాయి. కందిపప్పు నుంచి అయితే సుమారు 310. కోడిగుడ్ల నుంచి అయితే సుమారు 250. చెనగ్గింజలోని శక్తిలో నాలుగింట మూడొంతులు కొవ్వు నుంచే వస్తోంది. అందుకని దాన్ని పప్పు పద్దులో కాకుండా నూనె పద్దులో రాయండి. మాంసకృత్తులు పైన కొసరుగా వచ్చాయనుకోండి. ఈ ఒక్క మార్పు చేస్తే సగం లెక్క దానంతటదే సరిపోతుంది. ఎందుకంటే నూనెను ఎవరూ గుప్పెళ్లతో తినరు, చెంచాతో కొలుస్తారు.

ఎంత తినొచ్చు? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 2000 కిలోకాలరీల రోజుకు వాళ్లు వేసిన పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. వీటితో పాటు గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. గమనించారా? గింజలకు చోటు ఉంది. 35 గ్రాముల చెనగ్గింజలంటే 200 కిలోకాలరీలు, రోజు మొత్తంలో పదో వంతు. బరువు తగ్గాలనుకునే వాళ్లు దాన్ని 20, 25 గ్రాములకు కుదించుకోవచ్చు. అదే నా సలహా.

ఇప్పుడు కొలత. నేను వంటింటి తూకం ఒకటి కొన్నాను. ఆరేడు వందలకు దొరుకుతుంది. గుప్పెడు అంటే ఎంతో తూచి చూశాను. నా గుప్పెడు 38 గ్రాములు, మా ఆవిడ గుప్పెడు 26 గ్రాములు. ఒకే ఇంట్లో ఒకే "గుప్పెడు"కు దాదాపు 70 కిలోకాలరీల తేడా. ఈ లెక్కన పత్రికల్లో "రోజూ గుప్పెడు గింజలు తినండి" అని రాసే సలహాను ఏ కాంట్రాక్టరుకిచ్చినా వాడికి నచ్చినట్టే కడతాడు. ఇల్లంతా రోజూ తూకం పెట్టుకుని కూర్చోనవసరం లేదు. ఒక వారం తూచండి చాలు. ఏ గిన్నెలో ఎంత దూరం పోస్తే 25 గ్రాములో కంటికి అలవాటవుతుంది. ఆ తర్వాత ఆ గిన్నే మీ కొలమానం.

పీనట్ బటర్‌కు చెంచా కావాలి. సీసాల మీద ఒక విడత అంటే రెండు పెద్ద చెంచాలు, 32 గ్రాములు, 190 కిలోకాలరీలు అని రాసి ఉంటుంది. అది పైకి సమంగా గీసిన చెంచా. మనం తీసేది గోపురం కట్టిన చెంచా. దాంట్లో ఒకటే 30 గ్రాములు దాటొచ్చు. పైగా నమలాల్సిన పని లేదు కాబట్టి ఆగాలని గుర్తురాదు. సీసా వెనక పదార్థాల జాబితా చదవండి. చెనగ్గింజలు, ఉప్పు మాత్రమే ఉంటే మంచిదే. నూనె పైకి తేలినా భయపడొద్దు, కలుపుకుంటే చాలు. చక్కెర, పామాయిల్ వరుసలో ముందే కనిపిస్తే పెట్టేయండి. అసలు వేయించిన గింజల్ని మిక్సీలో నాలుగైదు నిమిషాలు ఆగి ఆగి తిప్పితే ఇంట్లోనే తయారవుతుంది. మన అమ్మలు రోట్లో చేసింది అదే కదా, పేరు మాత్రం ఇంగ్లీషులో పెట్టలేదు.

మూడోది, చోటివ్వడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. వాట్సాప్‌లో గింజలు మంచివని చదువుతారు. ఉన్న తిండి అలాగే ఉంచి, పైన గింజలు చేరుస్తారు. రోజుకు 100 కిలోకాలరీలు అదనంగా చేరితే ఏడాదికి 36,500. ఒక కిలో ఒంటి కొవ్వుకు 7,700 వేసుకుంటే కాగితం మీద దాదాపు నాలుగుముప్పావు కిలోలు. బరువు పెరిగేకొద్దీ శరీరం ఖర్చూ పెంచుకుంటుంది కాబట్టి నిజానికి అంత ఉండదు. కానీ ముల్లు కదిలేది మాత్రం పైకే. మంచి తిండి అయినంత మాత్రాన లెక్కలోకి రాకుండా పోదు. గింజలు లోపలికి రావాలంటే అంతే విలువైనది ఒకటి బయటికి వెళ్లాలి.

ఏది బయటికి వెళ్లాలి? మన ఇడ్లీ పళ్లెమే చూద్దాం. మూడు ఇడ్లీలు 150 నుంచి 170 కిలోకాలరీలు. ఇడ్లీ తేలిక అని మనందరి నమ్మకం, నిజమే. చట్నీ సంగతి? నలుగురికి 120 గ్రాముల గింజలు, తిరగమోతకు రెండు టీ చెంచాల నూనె. మొత్తం 760, తలా 190. ఇడ్లీల కంటే చట్నీ బరువు. చట్నీ మానేయమని అనను. గింజలు 60 గ్రాములకు తగ్గించి, ఒక బీరకాయో, రెండు టమాటాలో మగ్గించి కలిపి నూరండి. తలా 105కు దిగుతుంది. గిన్నె నిండుగానే ఉంటుంది, రుచి పోదు. ఇది కొత్త వంటేమీ కాదు. కరువు ఏళ్లలో గింజలు పొదుపు చెయ్యడానికి మన ఇళ్లలో ఇలాగే చేశారు. అప్పుడు డబ్బు పొదుపు, ఇప్పుడు నడుము పొదుపు.

చిక్కీ కూడా అంతే. 25 గ్రాముల ముక్క సుమారు 120. టీ బిస్కెట్లు నాలుగు తీసేసి ఆ చోట్లో ఒక చిక్కీ ముక్క తినండి, లెక్క సరిపోతుంది. టీ బిస్కెట్లూ ఉంచి చిక్కీ కూడా అంటే సరిపోదు. పొద్దున టిఫిన్‌లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించిన మిత్రులకు నా అభినందనలు. ఉగ్గానిలో బొరుగులు తేలికే. బజ్జీలు ఎన్ని తిన్నామో మాత్రం ఎవరికి వారే లెక్క చెప్పుకోవాలి. నేను ఇక్కడ చెప్పను.

ఇక అసలు దొంగ ఎక్కడున్నాడో చెప్తాను. కనిపించే గింజల్ని మానేస్తున్నాం, కనిపించని నూనె జోలికి పోవడం లేదు. మీ ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తుంది? నలుగురున్న ఇంట్లో 5 లీటర్లు అనుకుందాం. లీటరు 910 గ్రాములు. తలకు రోజుకు 38 గ్రాములు, దాదాపు 340 కిలోకాలరీలు. మార్గదర్శకాల్లోని 27 గ్రాముల లెక్క వేస్తే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు చాలు. ఆ లీటరున్నర తగ్గించారనుకోండి, తలకు రోజుకు 100 కిలోకాలరీలు మిగిలినట్టే. 18 గ్రాముల చెనగ్గింజలకు చోటు అక్కడే దొరికింది. పోపులో గరిటెతో పోసే నూనెను చెంచాతో పోయండి. వారానికి మూడు వేపుళ్లు చేసే ఇంట్లో ఒక్కటి చేయండి. నూనె గింజలోనే ఉన్నప్పుడు పీచుతో, మాంసకృత్తులతో కలిసి వస్తుంది. గానుగలోంచి వచ్చాక ఒంటరిగా వస్తుంది. ఏది ఉంచాలో ఏది తగ్గించాలో దీన్నిబట్టే తేలుతుంది.

ఇక్కడ మగవాళ్లకు ఒక మాట. బరువు తగ్గేది మనం, రెండు రకాల వంట చేసేది ఆవిడ అవుతోంది. మనకు నూనె లేని కూర, పిల్లలకు వేపుడు, మిగిలింది పారేయలేక ఆవిడ పళ్లెంలోకి. అలాంటి ఇంట్లో మనం ఐదు కిలోలు తగ్గితే ఆవిడ మూడు కిలోలు పెరుగుతుంది. ఇల్లంతా ఒకే కూర తినేలా నూనె తగ్గించండి. తూకం మీరు పట్టుకోండి, చట్నీకి గింజలు మీరు కొలిచి ఇవ్వండి. లెక్కలు మనకు వచ్చని కదా ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకున్నాం.

ఎంత వేగంగా తగ్గాలి? రోజుకు 300 కిలోకాలరీలు తక్కువ తింటే నెలకు కిలో పైచిలుకు తగ్గుతాం. ఇది చప్పగా వినిపిస్తుంది. "పది రోజుల్లో ఐదు కిలోలు" అనే ప్రకటనలో తగ్గేది ఎక్కువగా నీరే. మన వయసులో హడావిడిగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అందుకే తిండితో పాటు నడక, వారానికి రెండు మూడు సార్లు కండకు పని ఇచ్చే వ్యాయామం ఉండాలి. తూకం ముల్లు రోజుకు ఒక కిలో అటూ ఇటూ ఊగుతుంది. ఉప్పు ఎక్కువైతే పైకి, చెమట పట్టిస్తే కిందికి. ఒక్క రోజు అంకె చూసి గెంతవద్దు, కుంగవద్దు. వారం రోజుల సగటు తీసి, నాలుగు వారాల సగటులు పక్కపక్కన పెట్టి చూడండి. గేజీలు చదవడం అలవాటున్న వాళ్లు ఎవరైనా అలాగే చేస్తారు.

ఎవరు తగ్గాలి అన్నది కూడా కొలిచే తేల్చుకోండి. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు లెక్కిస్తున్నారు. పాశ్చాత్యుల లెక్క కంటే ఇది తక్కువ, ఎందుకంటే మనకు కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది. 165 సెంటీమీటర్ల మనిషికి 25 అంటే 68 కిలోలు. అంతకంటే సులువైన కొలత నడుము. టైలరు టేపు చాలు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు మా గురువుల వైపు తిరిగి ఒక మాట చెప్పాలి. సార్, ఇంతసేపూ నేను చెప్పింది మీకు కాదు. డెబ్బై దాటిన తర్వాత చాలామందికి ఆకలి తగ్గుతుంది, రెండు ముద్దలకే కడుపు నిండుతుంది. ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే అది సంతోషించే సంగతి కాదు, డాక్టరుకు చూపించుకోవాల్సిన సంగతి. చిన్న పరిమాణంలో ఎక్కువ శక్తి ఉండటమే మాకు చిక్కు. మీకు అదే వరం. పళ్లు సహకరించకపోతే వేయించి దంచిన పొడి అన్నంలో కలుపుకోండి, మెత్తగా రుబ్బిన ముద్ద జావలో వేసుకోండి. వరుస కట్టి బరువు తగ్గుతున్న పిల్లల్ని చూసి మీరు కూడా ముద్ద తగ్గించవద్దు. ఇంట్లో పెద్దవాళ్లున్న మిత్రులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. మన డైట్ చార్టు మనకే, అమ్మానాన్నలకు కాదు.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. చెనక్కాయ కొందరికి ఎలర్జీ. దురద, పెదాల వాపు, ఊపిరి ఆడకపోవడం వంటివి ఒక్కసారి కనిపించినా మళ్లీ రుచి చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండోది, ముడుచుకుపోయిన, నల్లబడిన, బూజు పట్టిన, చేదుగా ఉన్న గింజలు ఏరి పారేయండి. కాయ ఊరే సమయంలో బెట్ట తగిలితే, తేమలో నిల్వ చేస్తే, బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. మన సీమలో బెట్ట మామూలే కాబట్టి మనం ఇంకొంచెం ఎక్కువ చూసుకోవాలి. మూడోది, ఉప్పు కారం పట్టించిన మసాలా పల్లీల ప్యాకెట్లు. అందులో గింజతో పాటు శనగపిండి, నూనె, ఉప్పు వస్తాయి. ఒకటి తింటే ఆగలేకపోవడానికే వాటిని అలా తయారు చేస్తారు. ఉడికించిన కాయలు కొనుక్కోండి. ఉడికినప్పుడు నీరు పడుతుంది కాబట్టి అదే బరువుకు శక్తి తక్కువ. పైగా ఒక్కొక్కటే ఒలుచుకోవాలి. ఒలిచే శ్రమే బ్రేకు.

మన బడి మనకు ఇంతకంటే కష్టమైన లెక్కలు నేర్పింది. ఇది కూడిక, తీసివేత మాత్రమే. ఇంటికి వెళ్లాక చేయాల్సిన పని ఒక్కటే ఇస్తున్నాను. కొత్త నూనె ప్యాకెట్టు తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు ఎన్ని రోజులు వచ్చిందో చూడండి. ఇంట్లో ఎంతమందో ఆ సంఖ్యతో, ఎన్ని రోజులో ఆ సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకె 27 గ్రాముల కంటే ఎంత ఎక్కువో గ్రూపులో పెట్టండి. వచ్చే ఏడాది సమావేశానికి ఆ అంకెలు తగ్గితే, ఆ రోజు టిఫిన్‌లోకి చెనక్కాయ చట్నీ నేనే చేయిస్తాను. తలా రెండు చెంచాలు, కొలిచి వడ్డిస్తాను.